ముప్పై ఒక్క చింతగింజ

"గంప కింద కోళ్లను కమ్మినవా?" అన్నడు ఆయన, ఆటోల నా ఒళ్ల తల పెట్టి.

"కమ్మిన. నువ్వు కండ్లు మూయకు," అన్న నేను.

మా ఇద్దరి నడుమ ఆఖరి మాటలు ఇవే. ఇంకేదన్న పెద్ద మాట ఉంటదనుకునేరు, లేదు. కాలికి పాము కరిచి మనిషి నల్లబడుతుంటే గూడ కోళ్ల యావే ఆయనకు. ఆటో ఖమ్మం చేరకముందే నా ఒళ్ల తల బరువైంది.

నా పేరు సైదమ్మ. ముదిగొండ అవతల ఊరు మాది. మిరపతోటల కాయ ఏరే ముఠాకు పెద్దను. సంతకం చేస్త, అంకెలు ఎరుక, బస్సు బోర్డు కూడబలుక్కుంట, అంతే. ఇదంత నోటితోని చెప్తున్న. రాసేది నా చెల్లె బిడ్డ లావణ్య. నన్ను పెద్దమ్మా అంటది, హైదరాబాద్‌ల నౌకరి చేస్తది. మొన్న బీడీల తునికాకు కోసే కాలంల తన పని మీద నన్ను ఆరు దినాలు భద్రాచలం అడివి దిక్కు తిప్పుకొచ్చింది. మా ఊర్ల అడివి మొఖం చూడనోళ్లు చానామంది ఉన్నరు, వాళ్ల కోసం చెప్తున్న.

ఇంకొకటి గూడ ఉన్నది. మా ఆయన పోయిన దినం మేము ఏ దారిన పోయినమో మూడేండ్లు ఎవ్వరికీ నిజం చెప్పలే. ఈ యాత్రల చెప్పిన. అది ఏడ చెప్పిననో ఆడికొచ్చినప్పుడు చెప్త.

ఖమ్మం బస్టాండు

లావణ్యతోని పనికి వచ్చే పిల్లకు జ్వరమొచ్చింది. ఒక్కతే అడివి ఊర్లు ఎట్ల తిరుగుతదని మా చెల్లె ఏడ్చుడు. మిరప ఏరుడు అయిపోయి నేను ఖాళీగనే ఉన్న. కోళ్లను పక్కింట్ల అప్పజెప్పి బయలెల్లిన.

బస్సుల ఆడోళ్లకు పైసల్లేవు గదా, ఆధార్ చూపిస్తే కండక్టర్ సున్న టికెట్ చింపి ఇచ్చిండు. ఆ సున్న చీటీని గూడ భద్రంగ రవికెల పెట్టుకున్న. బస్టాండు బయట ఇడ్లీ ప్లేటు ముప్పై. చట్నీ నీళ్లే. ఎర్రకారం చట్నీ అడిగితే వేరే పైసలన్నడు. మా మిరపకాయ మా ఊర్ల నుంచి కొనకపోయి మాకే అమ్ముతరు అని గొణిగిన. లావణ్య నా చెయ్యి గుంజింది.

బస్సు కదిలినంక దాని పనేందో వివరంగ అడిగిన. అది చెప్పింది నాకు అర్థమైన తీరుగ చెప్త. పాముకాటుకు సూదిమందు ఉంటది. దాన్ని పెద్ద దవాఖానల పెడితే ఒక దారి. అడివి అంచున ఉండే చిన్న దవాఖానలల్ల గూడ పెట్టి, ఆడున్నోళ్లకు సూది ఇచ్చుడు నేర్పితే ఇంకో దారి. సర్కారు కాడ పైసలు చెరువు లెక్క ఉండవు, కుండల నీళ్ల లెక్క ఉంటయి. ఏ దారికి ఎంత ఖర్చు, ఏ దారిల ఎంతమంది బతుకుతరు, బతికినోళ్లకు ఎన్నేండ్ల ఆయుష్షు కలుస్తది, ఇవన్నీ పక్కపక్కన పెట్టి తూచి, పైనున్నోళ్లకు కాయితం ఇయ్యాలె. వాళ్లు దాన్ని చూసి మందు ఏడ పెట్టాలో అనుకుంటరు. మేము ఊర్లు తిరుగుడు ఆ తూకానికే.

తూచేది దాని ఒళ్ల ఉన్న కంప్యూటర్‌ల ఒక ప్రోగ్రాం. దాని పేరు ఆర్ అంట. ఇంగ్లీషుల ఒక్క అక్షరం. మా బర్రెకు గూడ అంతకన్న పెద్ద పేరుంది.

"నెలకెంత కిరాయి దీనికి?" అన్న.

"కిరాయి లేదు పెద్దమ్మా. ఎవరెవరో రాసి ఊరకనే పెట్టిండ్రు. ఎవరైనా తీసుకోవచ్చు, తెరిచి లోపల చూడొచ్చు. తప్పుంటే దిద్ది మళ్ల అందరికీ పెట్టొచ్చు. పాముకాటు లెక్క మొత్తం నేను రాయలే, ఇంకో రాష్ట్రపోళ్లు రాసిందాన్ని తెచ్చి మనకు తగ్గట్టు మార్చిన."

నాకు నవ్వొచ్చింది. ఇంత చదువు చదివి కనిపెట్టింది తోడు సంగతేనా? మా వాడల తోడు మజ్జిగకు పైసలు తీసుకునే ఇల్లు లేదు. అడిగినోళ్లకు ఒక చెంచెడు పోస్తం. వాళ్ల పాలు, వాళ్ల కుండ, వాళ్ల పెరుగు. పులిసిన తోడు పోస్తే మాత్రం తెల్లారి గడప కాడికొచ్చి చెప్తరు. లావణ్యకు చెప్తే, ఇదే మాట మా సారుకు చెప్త అన్నది. చెప్పిందో లేదో తెల్వదు.

టేకులపల్లి దిక్కు

ఇల్లందు దాటినంక ఎండ తగ్గలే గని చెట్లు దగ్గరదగ్గరైనయి. టేకులపల్లిల దిగి ఆటో మాట్లాడుకొని లోపలి తండాలు, గూడేలు తిరిగినం. ఏ ఊర్ల ఎవరికి పాము కరిచిందో ఆ ఊరి ఆశా కార్యకర్తలు ముందే చెప్పి పెట్టిండ్రు. ఒక్కో ఇంట్ల కూసొని ఒక్కటే తీరు ప్రశ్నలు. ఎన్ని గంటలకు కరిచింది, దేని మీద పోయిండ్రు, ముందు ఏ దవాఖానా, ఎన్ని గంటలకు చేరిండ్రు, ఎన్ని దినాలు మంచం మీద, ఎంబడి ఎవరున్నరు, వాళ్లకు ఎన్ని దినాల పని పోయింది.

నాకు చేతులు ఊరకుండవు. మా ముఠాల బస్తాకొక చింతగింజ కొంగున కడత. సేటు చీటీల తప్పు పడొచ్చు, నా కొంగుల తప్పు పడదు. ఈడ గూడ ఇంటికొక గింజ కట్టుడు మొదలువెట్టిన. ఎందుకని అడగకుండ్రి, అలవాటు.

ఒక ఇంట్ల పాము కరిచి బతికినాయన అరుగు మీద కూసొని చుట్ట కాలుస్తుండు. ఏం జరిగిందని అడిగితే ఆయన నోరు తెరవకముందే పెండ్లాం అందుకున్నది.

"ఈయన్ను కరిచి పామే సచ్చింది, అవ్వా. మందు దానికి పొయ్యాలె."

ఆయన నవ్విండు. తొమ్మిది దినాలు పెద్ద దవాఖానల ఈమెనే ఎంబడి ఉన్నదంట. నీకెన్ని దినాల పని పోయిందని లావణ్య అడిగితే, నాకేం పని, ఇంట్లుండేదాన్ని అన్నది. లావణ్య సున్న పెట్టబోయింది. నేను ఆగుమన్న. ఆమె తీరుగ అడిగిన. ఆ తొమ్మిది దినాలు మీ మేకలను ఎవరు కాసిండ్రు, నీళ్లెవరు తెచ్చిండ్రు, ఇప్పపూలు ఎవరు ఏరిండ్రు? ఎవరూ ఏరలేదంట. ఆ యేడు పూలన్నీ చెట్టు కిందనే కుళ్లినయంట. లావణ్య సున్న కొట్టేసి తొమ్మిది రాసింది. ఆ దినం నుంచి, పెద్దమ్మా నువ్వడుగు, అని ప్రశ్నలు నాకే ఇచ్చింది. నాకు గర్వమే అయింది, దాచుడెందుకు.

మధ్యాహ్నం ఆ ఇంట్లనే తినమన్నరు. జొన్న గటక, చింతచిగురు ఏసి వండిన ఎండుచాప. మా దిక్కున చింతచిగురు పప్పుల ఏస్తం, చాపల ఏసుడు నేను చూడలే. ఇంటికొచ్చి వండిన గని ఆ రుచి రాలే. పైసలియ్యబోతే ఆయమ్మ మొఖం మాడ్చుకున్నది. మా ఊర్ల అయితే కొత్తోళ్లకు ముందు కులం అడిగి తర్వాత చెంబు ఇస్తరు. ఈడ చెంబు ముందొచ్చింది.

ఇంకొకటి చూసిన. మా దిక్కున ఆడది మొగని పేరు నోటితోని పలుకది. అడివిల గూడ కొందరంతే. రోగి పేరేందని అడిగితే సిగ్గుపడి పక్కింటోళ్ల మొఖం చూస్తరు. లావణ్య అంటది, పేరుతోని పనిలేదు, లెక్కల నంబరే ఉంటది, ఎవరిదేందో బయటోళ్లకు తెల్వకుండ. నాకైతే మంచిగనిపించింది. పేరు పలకకుండ మొగని సంగతంత చెప్పుకునే జాగ ఒకటి దొరికింది ఆడోళ్లకు.

గోదారి ఒడ్డు

కొత్తగూడెం దాటి భద్రాచలం వంతెన మీదికి బస్సు ఎక్కేటాలకు పొద్దు గుంకుతుంది. ఎండకాలం గోదారి సన్నబడి ఇసుక నడుమల పారుతుంది. దండం పెట్టుకున్న. ఆయన ఉన్నప్పుడు రెండుసార్లు వస్తమనుకున్నం. ఒకసారి పత్తి అడ్డమొచ్చింది, ఇంకోసారి బర్రె ఈనింది.

ఒడ్డున ముంజలు డజను అరవై. ఖమ్మంల వందకు తక్కువియ్యరు. కొన్న. లావణ్య గోరుతోని గిచ్చి నీళ్లన్ని కొంగు మీద పోసుకున్నది. పట్నం పిల్లలకు ముంజ తినుడు గూడ నేర్పాలె.

మనసు మంచిగుందని ఆ మాట అడిగిన. బతికినోళ్లకు ఎన్నేండ్ల ఆయుష్షు కలుస్తదో కంప్యూటర్‌కు ఎట్ల ఎరుక, అది బ్రహ్మ రాతగాదా అని. పట్టిక ఉంటదంట. ఈ వయసు మనిషి మామూలుగ ఇంకెన్నేండ్లు బతుకుతడో అందుల ఉంటదంట. మీ పెదనాన్నకు ఎన్ని ఉండె అని అడిగిన. వద్దు పెద్దమ్మా అన్నది. చెప్పమన్న. చెప్పింది. ఆ అంకె ఈడ రాయనీయ, అది నాది.

ఆ పూట దానికి చెప్పలే గని, మీకు ఇప్పుడు చెప్పాలె. బయలెల్లే ముందు దినం లావణ్య ఆ ప్రశ్నలన్నీ మా ఇంట్ల నా మీదనే పరీక్ష పెట్టుకున్నది. ముందు ఏ దవాఖానకు పోయిండ్రు అంటే, సీదా ఖమ్మం తీస్కపోయినం అన్న. అబద్ధం. మూడేండ్ల కింద పీనుగ ఇంటికొచ్చినప్పుడు మా బావ, మా ఆయనకు అన్న అయితడు, ఒక మాట అన్నడు. సీదా ఖమ్మం పోయిండ్రు గాబట్టి మీ తప్పు లేదు, వాని రాత అని. నేను తల ఊపిన. కాని మేము ముందు దగ్గరి చిన్న దవాఖానకు పోయినం. ఆటోను ఆ దిక్కు తిప్పమన్నది నేనే. ఆడ ఆ మందు లేదు. ఉన్న సిస్టరమ్మ మంచిది, పట్టీ కట్టి, పెద్ద దవాఖానకు ఫోన్ చేసి, జల్దీ పోండ్రి అన్నది. ఆటో తోలినాయన, నేను, ఇద్దరమే ఎరుగుదుం. తిప్పకపోతే బతికేటోడేమో అన్నది నా కడుపులనే ఉన్నది.

చెలిమె మాట

భద్రాచలంల యాకూబ్ అనే ఆయన ఆటో మాట్లాడుకున్నం. నడీడు మనిషి, పాన్ నమిలే నోరు. మొదటి దినం అమ్మా అన్నడు, రెండో దినం అక్కా అన్నడు. నీ వయసెంత తమ్మీ అంటే, మా ఆవిడను అడగాలె అన్నడు.

లోపలి ఊర్లల్ల కోయ మాటనే. మాకు తెలుగు చేసి చెప్పేది జోగమ్మ అని ఆ ఊరి ఆశా కార్యకర్త. భుజానికి సంచి, కాళ్లకు ప్లాస్టిక్ చెప్పులు, నడిస్తే మేము ఉరకాలె. తెల్లారకముందే జనం ఆకుకు పోతరు, ఎండెక్కెటాలకు మూటలతోని వస్తరు. ఇంటి ముందల కూసొని యాభై ఆకులకొక కట్ట కడతరు. మాట్లాడుతుంటే గూడ చేతులు ఆగయి. నేను గూడ కూసొని కట్టిన. నా కట్టను చేతిల పట్టుకొని ఒక ముసలమ్మ ఏందో అన్నది, అందరు నవ్విండ్రు. జోగమ్మ చెప్పనన్నది. బతిమిలాడితే చెప్పింది, ఈ కట్టకు లంగోటి ఊడిపోతుందన్నదంట.

లచ్చమ్మ అనే ఆమె ఇంటికి అయిదో దినం పోయినం. నా వయసే ఉంటది. ఆకు కోయబోయి మొగనికి పాము కరిచింది, నిరుడు. మంచం మీద మోసుకొని చిన్న దవాఖానకు పోయిండ్రు. ఆడ మందు లేదు. 108 బండి వచ్చి ఎక్కించుకున్నంక దారిల పోయిండు. ఆమె చెప్తుంటే కండ్లల్ల నీళ్లు లేవు, ఆకులు సదురుతనే ఉన్నది. నా చేతిల కట్టనే జారి ఊడింది.

ప్రశ్న కాయితంల లేని మాట అడిగిన. చిన్న దవాఖానకు పోకుండ సీదా పెద్దదానికి పోతే అయిపోయేదేమో అని ఎప్పుడన్న అనిపించిందా అని.

జోగమ్మ నా మొఖం ఒకసారి చూసి కోయల అడిగింది. లచ్చమ్మ చేతులు ఆగినయి. నన్ను తిక్కదాన్ని చూసినట్టు చూసింది. ఆమె అన్నది జోగమ్మ నోట ఇట్ల వచ్చింది:

"దూపైతే ఇంటి ముందలి చెలిమె గుంట కాడికి పోతమా, గోదారి దాక పోతమా? చెలిమెల నీళ్లు లేకపోతే అది పోయినోళ్ల తప్పా?"

ఆమె నా కట్ట విప్పి, మళ్ల గట్టిగ కట్టి, నా ఒళ్ల పెట్టింది. నీళ్లడిగితే సొరకాయ బుర్రల తెచ్చిచ్చింది. ఆ నీళ్లు ఎంత చల్లగున్నయో చెప్పలేను. కొంగున ఇంకో గింజ కట్టుకొని లేచిన.

టైరు కూసున్నది

ఆరో దినం పని అయిపోయి తిరిగొస్తుంటే చర్ల రోడ్డు మీద ఆటో వెనక టైరు కూసున్నది. యాకూబ్ స్టెప్నీ తీస్తే అండ్ల గూడ గాలి లేదు. నాలుగు మాటలన్న. పాన్ ఉమ్మి, అల్లా చూస్తుండు అక్కా, అని టైరు భుజాన ఏసుకొని, వచ్చే బైకును ఆపి వెనక కూసొని పోయిండు. మేము ఇప్పచెట్టు నీడకు చేరినం. నడి మధ్యాహ్నం. ఆకు లారీ ఒకటి పోయింది, అంతే.

లావణ్య కంప్యూటర్ తెరిచింది. ఇండ్లన్నీ అందులకు ఎక్కినయి, ఒకసారి తూకం నడిపి చూస్త అన్నది. రెండు దారులకు రెండు రంగుల బొమ్మ వచ్చింది. లావణ్య మొఖం చిన్నబోయింది. చిన్న దవాఖానల మందు పెడితే ఖర్చే పెరిగినట్టు కనపడుతుంది పెద్దమ్మా, బతికేటోళ్లు పెద్దగ పెరగలే అన్నది. అట్లనే కాయితం పోతే ఈ ఊర్లల్ల మందు పెట్టుమని ఎవరూ అనరంట. నాకు లచ్చమ్మ చెలిమె యాదికొచ్చింది.

బొమ్మ మూలకు ఒక అంకె ఉన్నది. అంకెలు నాకు వస్తయి గదా.

"ఇరవై ఏడేంది?"

"మనం అడిగిన ఇండ్లు."

"కాదు," అన్న.

కొంగు ముడి విప్పి తువ్వాల మీద గింజలు పోసిన. లెక్కపెట్టిన. ముప్పై ఒకటి. మళ్ల పెట్టిన. లావణ్య తన చేతులతోని పెట్టింది. ముప్పై ఒకటే. గింజ రెండుసార్లు కట్టినవేమో అన్నది, మెల్లగ. పదహారేండ్ల సంది బస్తాలు లెక్కపెడుతున్న, ఒక్క సేటు నన్ను ఆ మాట అనలేదన్న. లావణ్య కంప్యూటర్ లోపల వెతికింది. రాసుకున్న వరసలు చూస్తే ముప్పై ఒకటి ఉన్నయి. తూకంలకు పోయేటాలకు ఇరవై ఏడైనయి. నడుమల నాలుగిండ్లు ఏమైనయి?

పేర్లు లేవు గదా, నంబర్లే. అది నంబరు చదివి ఊరు, వయసు చెప్పుడు, నేను ఇల్లు గుర్తుపట్టుడు. మొదటిది, చేపల వల ఆరేసిన ఇల్లు. రెండోది, బిడ్డను భుజాన ఏసుకొని ఉరికిన తండ్రి, మనకు తాటిముంజ పెట్టిండు. మూడోది, రెండు మేకల ముసలాయన, కొడుకు పోయిండు. నాలుగోది చెప్పకముందే నాకు ఎరుకైంది. లచ్చమ్మ.

నాలుగిండ్లల్ల గూడ మనిషి దారిలనే పోయిండు. పెద్ద దవాఖానా చేరలే. చేరిన టైము అనే గడి ఖాళీ. ఎన్ని దినాలు మంచం మీద అనే గడి ఖాళీ. ఒక్క గడి ఖాళీ ఉన్నా ఆ వరసను మొత్తంగ పక్కకు తీసేయమని ఆ ఇంకో రాష్ట్రం నుంచి తోడు తెచ్చినదాంట్ల రాసి ఉన్నది. దాన్ని రాసినోళ్లు పట్నం దవాఖానల చేరిన రోగుల కోసం రాసిండ్రు. వాళ్ల కాడ చేరనోళ్లే లేరు, ఖాళీ అంటే ఎవరో రాయ మరిచినట్టే. ఈడ ఖాళీ అంటే చావు. లావణ్య నెత్తి పట్టుకున్నది. తెరిచే ఉన్నది, చదివిన గూడ, తీసేయమన్న ఈ వరుస కండ్ల ముందటి నుంచే పోయింది అన్నది.

ఇగ నేను ఉండలేకపోయిన. మీ పెదనాన్న వరస చూపెట్టు అన్న. పరీక్షకు రాసింది వేరే దాచి పెట్టింది. తెరిచింది. అంకెలు, గడులు. అందుల గూడ చేరిన టైము ఖాళీ.

"ఈయన గూడ పోయేటోడే అన్నట్టు లెక్కల నుంచి."

"అవ్ పెద్దమ్మా."

"ఆగు. అండ్ల ఒక గడి అబద్ధం ఉన్నది. ముందు చిన్న దవాఖానకే పోయినం. నేనే తిప్పమన్న."

లావణ్య నన్ను చూసింది. ఏడుస్తదేమో, అయ్యో అంటదేమో అనుకున్న. కాదు. అందరింట్ల అడిగే గొంతుతోనే అడిగింది.

"ఆడ ఎంతసేపు ఉన్నరు?"

కండ్లు మూసుకొని మళ్ల ఆడికి పోయిన. సిస్టరమ్మ పట్టీ కట్టుడు, ఫోను, ఆటో తోలినాయన గేటు కాడ నిలబడుడు.

"రెండు బీడీలు కాల్చేంత సేపు. ఆటో ఆయన రెండోది సగంల పారేసిండు."

చెప్పినంక నాకే ఆశ్చర్యమైంది. మూడేండ్లల్ల నా మనసుల అది పూటంత పెరిగింది. నోటితోని చెప్తే రెండు బీడీలు. అది గూడ సగం మిగిలింది. లావణ్య ఆ గడి దిద్దింది. నేను ఇప్పచెట్టుకు ఒరిగి చానా సేపు ఏడ్చిన. అది నా కాలు మీద చెయ్యేసి కూసున్నది, ఇంకో చెయ్యి కంప్యూటర్ మీదనే.

తర్వాత, తీసేయమని రాసి ఉన్న ఆ వరుసను మార్చింది. దారిల పోయినోళ్లను తీసేయకుండ, వాళ్లకు పోయిన ఏండ్లు లెక్కల ఉండేటట్టు రాసింది. మళ్ల నడిపింది. మూలకు ముప్పై ఒకటి వచ్చింది. రెండు రంగులు అటిటు జరిగినయి. చిన్న దవాఖానల మందు పెట్టే దారికి ఇప్పుడు బరువొచ్చిందన్నది. అంతల్నే, సంబరపడకు పెద్దమ్మా, ముప్పై ఒక్క ఇండ్లే, చిన్న లెక్క, ఇంత ఉండొచ్చు అంత ఉండొచ్చు అని రాయాలె, ఇంకా చానా ఊర్లు తిరగాలె అని గూడ అన్నది. సరే అన్న. తక్కెడ నిలబడేదాక చెయ్యి పెట్టరాదు గదా.

మీ పెదనాన్నను కలుపవా అని అడిగిన. కలుపరాదంట. ఈ తూకం అడివి అంచు ఊర్లకు, ఆయనది ముదిగొండ దిక్కు, అది గూడ పరీక్షకు రాసింది. కలిపితే అది అబద్ధమైతదంట. నేనే ఇప్పుడు ఒక అబద్ధం తీసేసిన, ఇంకొకటి ఎట్ల పెట్టుమంట?

దానికి ఏం తోచిందో, ఆ దిద్దిన వరుస పైన ఇంకో వరుస కొట్టింది. ముందల ఒక గీతల గుర్తు. ఆ గుర్తు పెడితే ఆ వరుసను మిషిన్ చదవదంట. తెరిచి చూసే మనుషులే చదువుతరంట.

"ఏం రాసినవు?"

"'దారిలో పోయినవాళ్లను తీసేయకండి. మా పెదనాన్న అలా పోయిండు.' తెలుగుల ఒకసారి, ఇంగ్లీషుల ఒకసారి."

యాకూబ్ వచ్చేటాలకు మా ఇద్దరి మొఖాలు ఉబ్బి ఉన్నయి. టైరు ఆలస్యమైందని ఏడుస్తున్నరా అక్కా అన్నడు. అవ్ తమ్మీ అన్న. ఆ పాపానికి చర్ల సెంటర్‌ల మా ఇద్దరికీ చాయ్ తనే తాగిచ్చిండు. పది రూపాయల చాయ్. అంత మంచి చాయ్ నేను తాగలే.

ఇంటికొచ్చినంక

కోళ్లు నాలుగు తక్కువైనయి. పక్కింటామె పిల్లి అన్నది. ఆ పిల్లి ఎవరో నాకెరుక, వాళ్లింట్ల ఈకలున్నయి. ఊకున్న. ఆరు దినాలు చూసుకున్నది, తిననీ.

మా బావ కాడికి పోయి మేము ముందు యాడికి పోయినమో చెప్పిన. చెలిమె మాట గూడ చెప్పిన. ఆయన, నేనున్నా ఆడికే తిప్పుమనేటోన్ని అన్నడు. మూడేండ్లు ఈ మాట కోసమా నేను భయపడ్డది!

లావణ్య మిగిలిన ఊర్లు తిరిగి కాయితం ఇచ్చింది. పైనోళ్లు ఏం చేస్తరో ఇంకా తెల్వదు. కాని ఆ దిద్దిన తోడును అది అందరూ తీసుకునే కాడ మళ్ల పెట్టింది. మొన్న ఫోన్ చేసింది. సముద్రం అవతల ఏదో దేశంల ఒకామె, గిట్లనే పాముకాటు లెక్క చేసేదంట, తెరిచి ఆ వరుస చదివిందంట. మా లెక్కల గూడ దారిలో పోయినోళ్లు జారిపోయిండ్రు, వెనక్కి తెచ్చుకుంటున్నం, మీ పెదనాన్నకు దండాలు అని రాసిందంట. ఆమెకు తెలుగు రాదు, నాకు ఆమె మాట రాదు. ఆయన కొత్తగూడెం దాటి ఎరుగడు. నాకు ఆ పూట అన్నం మంచిగ తినబుద్ధైంది.

లచ్చమ్మకు మా తోట మిరపకాయ రెండు కిలోలు జోగమ్మతోని పంపిచ్చిన. చింతగింజలు ముప్పై ఒకటి పారేయలే, ఉప్పుడబ్బా పక్కన సీసాల ఉన్నయి.

ఇంకేముంది బిడ్డా? అంతే. పెన్ను ఆపు. నువ్వు నా మాటలల్ల ఏదన్న ఖాళీ వదిలినవో, మంచి మాట అని నీది ఏదన్న కలిపినవో నేను వినాలె. ఏదీ, చదువు. నడుమల నుంచి గాదు. మొదటి నుంచి, కోళ్ల కాడ నుంచి చదువు. ఆయన మాట చదివి జర ఆగు. నా మాట నేనే చెప్త.